ఓడిపోయే ఉద్యోగం

జూన్ 2

ఇది డైరీ కాదు, హాజరు పుస్తకంలో వెనక పేజీలు. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మా ఆవిడ చూసి చూసి, "ఆ తిరిగేదేదో కాగితం మీద తిరగండి, గచ్చు అరిగిపోతోంది" అంది. నర్సు కదా, ఏ రోగానికైనా ముందు చేతికి పని చెప్తుంది.

పొద్దున్న సెక్రటరీగారు పిలిచి కూర్చోమన్నారు. ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలో నన్ను కూర్చోమనడం ఇదే మొదటిసారి. అప్పుడే అర్థమైంది కొంప మునిగిందని. క్లబ్బులో ఉన్న రెండు స్క్వాష్ కోర్టులూ తీసేసి ట్రెడ్‌మిల్లులు పెట్టాలని సభ్యులు సంతకాలు చేసి ఇచ్చారట. రోజుకి ఆరుగురు ఆడుతున్నారు, అందులో ఇద్దరు స్నానాలగది కోసం వస్తారు అని అందులో రాశారట. అబద్ధం. స్నానాలగది కోసం వచ్చేది ముగ్గురు.

ఆయన మంచివాడు కాబట్టి అక్టోబరు కమిటీ మీటింగు దాకా గడువు తెచ్చారు. ఈలోగా బయటి పిల్లల్ని పోగెయ్యాలి. ముప్ఫై మంది నికరంగా రావాలి. సెప్టెంబరులో జరిగే క్లబ్బుల జూనియర్ పోటీకి ఒక జట్టు వెళ్ళాలి. కుర్రకారుకి ఈ ఆట నచ్చుతోందని చూపిస్తే మిగతాది తను చూసుకుంటానన్నారు. సరేనండీ అన్నాను. నేను అన్నిటికీ సరేనండీ అంటాను.

"ఇవాళ్టినుంచి నువ్వు మార్కరువి కాదు, కోచ్‌వి" అన్నారు. జోడీ దొరకని సభ్యులతో ఆడటం, స్కోరు చెప్పటం, రాకెట్లకి తంతులు బిగించటం, ఇదీ మార్కరు పని. మా నాన్న నుంచి నాకొచ్చింది. కోచ్ పనేమిటో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

కోర్టులు పోతే నేనేమవుతాను? ట్రెడ్‌మిల్లులు తుడుస్తాను కాబోలు.

జూన్ 5

మూడు బళ్ళకి వెళ్ళొచ్చాను. మొదటి బడి హెడ్మాస్టరు, అది షటిలే కదా అన్నాడు. కాదండీ, ఇద్దరూ ఒకే పక్కన నిలబడి గోడకి కొడతారన్నాను. మధ్యలో నెట్ ఉండదా అన్నాడు. ఉండదన్నాను. "గోడ మీద ఎందుకయ్యా అంత కోపం?" అన్నాడు. నవ్వాను. సభ్యులు జోకు వేస్తే నవ్వే నవ్వు, అలవాటైపోయింది.

రెండో బడిలో పది నిమిషాలిచ్చారు. నాలుగు గోడలు, మూసిన తలుపు, నల్ల బంతి, అరగంటలో ఒళ్ళంతా తడిసిపోతుంది అని చెప్పాను. వెనక వరసలోంచి ఒకడు లేచి, "తప్పు చేసినవాళ్ళని పంపిస్తారాండీ అక్కడికి?" అని అడిగాడు. మూడో బడి గేటు దాటనివ్వలేదు.

జూన్ 9

నలుగురొచ్చారు. నలుగురూ రబ్బరు బంతి నేలకేసి కొట్టి, "చచ్చిపోయింది మాస్టారూ ఇది" అన్నారు. స్క్వాష్ బంతి చల్లగా ఉంటే ఎగరదు, గోడకేసి బాది బాది వేడెక్కించాలి. ఐదు నిమిషాలు పడుతుంది. మూడో నిమిషంలో ఇద్దరు వెళ్ళిపోయారు.

కానీ మాస్టారూ అన్నారు. క్లబ్బులో నన్ను అందరూ "మార్కర్" అనే పిలుస్తారు. ఇంటికొచ్చి మా ఆవిడకి ఈ సంగతి రెండుసార్లు చెప్పాను.

జూన్ 10

ఇద్దరు.

జూన్ 11

ఒకడు. వాడూ నిన్న మర్చిపోయిన గొడుగు కోసం వచ్చాడు.

జూన్ 18

దొరికింది కిటుకు!

వీళ్ళకి పాయింట్లూ గెలుపులూ తర్వాత. ముందు బంతి కింద పడకుండా ఆడుతూ ఉండటంలో మజా తెలియాలి. కాస్త పెద్ద బంతి, బాగా ఎగిరేది, పాత బీరువాలోంచి తీశాను. మొన్న మళ్ళీ ఓ నలుగురొస్తే, ఇద్దరిద్దర్ని లోపలికి పంపి, ఎన్ని దెబ్బలు ఆగకుండా కొడతారో లెక్కపెట్టమన్నాను. రికార్డు తలుపు మీద సుద్దతో రాస్తానన్నాను. మొన్న పన్నెండు. నిన్న పంతొమ్మిది. ఇవాళ ముప్ఫై నాలుగు, బయట తలుపు అద్దంలోంచి చూస్తున్న వాళ్ళు కూడా గొంతు కలిపి లెక్కపెట్టారు. నాకు ఒళ్ళు పులకరించింది.

నేను నేర్పేది ఒకటే. నీ బంతి ఎదుటివాడి రాకెట్టు దగ్గరికి చక్కగా వెళ్ళాలి. వాడు హాయిగా కొడితేనే నీకు హాయిగా వస్తుంది. మా నాన్న నాకు నేర్పిందీ ఇదే.

కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. పదిహేనేళ్ళుంటాయి. వాళ్ళమ్మకి బస్టాండు దగ్గర జిరాక్స్ కొట్టుంది. ఇదివరకు షటిల్ బాగా ఆడేదట, అక్కడి కోచ్‌తో పడక మానేసింది. ఎందుకు పడలేదే అంటే, "ఎందుకు అని అడిగితే ఆయనకి కోపమండీ" అంది. కోర్టులో నాలుగు మూలలా తనే ఉంటుంది. పిడుగు అని పేరు పెట్టాను.

జూలై 1

ముప్ఫై ఒకరు! సెక్రటరీగారు స్వయంగా వచ్చి లెక్కపెట్టుకుని, ఫోటో తీయించి నోటీసు బోర్డులో పెట్టించారు.

సాయంత్రం పళ్ళ డాక్టరుగారితో ఆట. మంగళవారం, శుక్రవారం, ఇరవై ఏళ్ళుగా. ఎప్పట్లాగే మూడు రెండుతో ఆయన గెలిచారు. పిల్లలు కొందరు పై గ్యాలరీలోంచి చూశారు. ఓడిపోయారేంటి మాస్టారూ అని మొహాలు వేలాడేశారు. ఆయన గట్టి ప్లేయరు అని చెప్పాను.

ఓడిపోవడమంటే చేతకాకపోవడం కాదు. "మెంబరు గెలిచి ఇంటికెళ్ళాలి, కానీ నీ మీద గెలవడం కష్టమనుకుంటూ వెళ్ళాలి" అనేవాడు మా నాన్న. మూడు సున్నాతో ఎవడైనా ఓడతాడు. మూడు రెండుతో, ఐదో గేములో పదకొండు తొమ్మిదితో, ఎదుటివాడికి అనుమానం రాకుండా ఓడాలంటే బంతి చెప్పిన మాట వినాలి. డాక్టరుగారి ఎడంచేతి వైపు దెబ్బ కుంటిది. అటు ఒక్క గట్టి బంతి వెళ్ళకుండా ఇరవై ఏళ్ళు కాపాడుకొచ్చాను. ఇది ఎవరికి తెలుస్తుంది?

జూలై 19

నూట నలభై రెండు దెబ్బలు. పిడుగు, ఇంకో కుర్రాడు. పిడుగు వాళ్ళమ్మ ఫోనులో తీసిన వీడియో ఊరంతా తిరుగుతోందట. నన్ను బయటకి పంపించేసిన మూడో బడివాళ్ళు ఫోను చేసి, మా పిల్లలకి కూడా చోటుందా అన్నారు. ఉందన్నాను. లేదనాల్సింది, నోరు రాలేదు.

ఆగస్టు 8

పిడుగు ఇవాళ ఆపి అడిగింది, పాయింటు ఎలా వస్తుంది మాస్టారూ అని. ఎదుటివాడు తప్పు చేస్తే వస్తుందన్నాను. చెయ్యకపోతే? ఓపిక పట్టాలి. ఎంతసేపు? దాని షటిల్ కోచ్ మీద నాకు కొంచెం జాలేసింది.

నేనేం తప్పు చెప్పలేదు. ఓపికే ఆటకి పునాది.

ఆగస్టు 9

తప్పేం చెప్పలేదు.

సెప్టెంబరు 14

పోటీ అయింది. ఐదుగురు వెళ్ళారు. పదకొండు రెండు, పదకొండు ఒకటి, పదకొండు మూడు, ఇలా ఐదుగురూ మొదటి రౌండులోనే పోయారు. పిడుగు ఒక్క గేములో నాలుగు తెచ్చుకుంది. చూసేవాళ్ళు చప్పట్లు కొడుతూనే ఉన్నారు, మావాళ్ళ ఆట చూడముచ్చటగా ఉందని. అవతలి క్లబ్బు కోచ్ నా దగ్గరికొచ్చి, "మీ పిల్లలు చాలా మర్యాదగా ఆడతారండీ" అన్నాడు. థాంక్సండీ అన్నాను.



సెప్టెంబరు 15

అక్కడి బంతులు మరీ చల్లగా ఉన్నాయి. గోడలకి కొత్త రంగు. అంపైరుది మొదటినుంచీ అదో వరస. పిల్లలకి ప్రయాణం పడలేదు. అద్దం గోడల కోర్టులో ఆడటం అలవాటు లేదు. టిఫిను ఆలస్యమైంది.

సెప్టెంబరు 16

మోకాలు నొప్పి. వెళ్ళలేదు.

సెప్టెంబరు 17

మోకాలు. మా ఆవిడ చూస్తానంది, ఎడమది చూపించాను. నిన్న కుడిదన్నారే అంది.

సెప్టెంబరు 19

పిడుగు ఇంటికే వచ్చేసింది, వాళ్ళమ్మ ఫోను పట్టుకుని. కూర్చోమంటే కూర్చోలేదు. పోటీలో తన ఆట వీడియో పెట్టి నా ముందు పట్టుకుంది. ఒకసారి చూశాను. మళ్ళీ చూడండి అంది. చూశాను.

అవతలి పిల్ల ఎక్కడ నిలబడితే మా బంతి అక్కడికే వెళుతోంది. కుడి మూల ఖాళీ, ఎడం మూల ఖాళీ, ముందు ఎవరూ లేరు. పిడుగు మాత్రం వెతికి వెతికి ఆ పిల్ల రాకెట్టు మీదే పెడుతోంది, పళ్ళెంలో పెట్టి అందించినట్టు. ఆ పిల్ల కదలక్కర్లేదు. మిగతా నలుగురివీ అంతే.

"మీరు డాక్టరుగారితో ఎలా ఆడతారో అలాగే ఆడాం మాస్టారూ" అంది.

వెక్కిరించలేదు. వెక్కిరించినా బాగుండేది. ఉన్న మాట ఉన్నట్టు చెప్పింది, అంతే. మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

నాకు తెలీదు. ఒట్టు, తెలిసి నేర్పలేదు. ముప్ఫై ఒక్క మందికి ఆట నేర్పుతున్నాననుకున్నాను. నా ఉద్యోగం నేర్పాను.

సెప్టెంబరు 22

పదకొండు మంది మిగిలారు. పెద్ద బంతి తీసేశాను. తలుపు మీద అంకెలు తుడిచేశాను. అందర్నీ నేల మీద కూర్చోబెట్టి, నేను నేర్పింది సగమే, అదీ తప్పు సగం అని చెప్పాను. ఒకడు, "అయితే ఎదుటివాళ్ళకి అందకుండా కొట్టాలా?" అన్నాడు. అవునన్నాను. "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు.

పిడుగుతో ఆడి చూపిద్దామని లోపలికెళ్ళాను. అది వెనక మూలలో ఉంది. ముందు మైదానమంత ఖాళీ. మెత్తగా గోడ మొదట్లో వదిలేస్తే చాలు, పసివాడైనా కొడతాడు. నా చెయ్యి పోలేదు. బంతి వెళ్ళి దాని రాకెట్టు ముందు పడింది. మళ్ళీ ఆడాం. మళ్ళీ అంతే. కళ్ళు ఖాళీని చూస్తున్నాయి, చెయ్యి మనిషిని వెతుక్కుంటోంది. ఎనిమిదిసార్లు. తొమ్మిదోసారి కావాలని బలవంతంగా కొడితే గోడ అడుగునుండే రేకుకి, తగిలితే పాయింటు పోయేదానికి, తగిలి డబ్బా మోగినట్టు మోగింది.

సెప్టెంబరు 25

మా ఆవిడతో మాటా మాటా వచ్చింది. నిజానికి తనే మాట్లాడింది. నేను సరే అన్నాను, అదే తప్పయింది.

"ఇరవై మూడేళ్ళ కాపురంలో నాతో ఒక్కసారి సరిగ్గా పోట్లాడలేదు మీరు. నేను ఏమంటే దానికి సరే. గోడతో కాపురం చేసినట్టుంది నాకు" అంది.

గోడయితే తిప్పికొడుతుంది అందామనుకున్నాను. అనలేదు. అనుంటే బాగుండేదేమో.

సెప్టెంబరు 26

అన్నాను. ఒక రోజు ఆలస్యంగా. ముందు తెల్లబోయింది, తర్వాత చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆపైన గంటసేపు పోట్లాడుకున్నాం, పాత బాకీలన్నీ తవ్వి. కర్టెన్ల రంగు నాకు నచ్చలేదని పన్నెండేళ్ళ తర్వాత చెప్పాను.

అక్టోబరు 3, శుక్రవారం



కమిటీ మీటింగు సోమవారం. ఏడుగురిలో డాక్టరుగారొకరు. ఆయన ఎటుంటే ఇంకో ఇద్దరు అటుంటారు. అందుకని సెక్రటరీగారు మధ్యాహ్నమే చెప్పారు, ఇవాళ డాక్టరుగారిని కాస్త సంతోషపెట్టమని. సరేనండీ అన్నాను.

సాయంత్రం గ్యాలరీలో పదకొండు మందీ కూర్చున్నారు. నేను రమ్మనలేదు. పిడుగు తెచ్చింది. పైకి చూశాను, అది రెయిలింగు మీద గడ్డం ఆనించి నా చేతి వంకే చూస్తోంది.

మొదటి నాలుగు పాయింట్లు ఎప్పట్లాగే. తర్వాత నాకే తెలియకుండా ఒక బంతి ఆయన ఎడం పక్కకి వెళ్ళింది, గోడకి ఆనుకుని. ఆయన రాకెట్టు దాన్ని చేరలేదు. ఆగి నన్ను చూశారు. ఒంట్లో బాగాలేదా అన్నారు. బాగానే ఉందండీ అన్నాను. ఇంకోటి అటే కొట్టాను. ఈసారి తెలిసే కొట్టాను. ఆ తర్వాత ముందు మూలలో మెత్తగా ఒకటి వదిలాను. చెయ్యి పోయింది. నాలుగు అడుగుల్లో ఉండీ ఆయన కదల్లేదు, అక్కడ బంతి పడుతుందని ఇరవై ఏళ్ళలో ఆయనకి తెలీదు.

మూడు సున్నా. పదకొండు ఐదు, పదకొండు రెండు, పదకొండు రెండు. మూడో గేములో నాకు భయమేసింది, ఆపుదామనుకున్నాను, ఆగలేదు.  

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. మొత్తం ఇన్నేళ్ళూ అంతేనా అని అడిగారు. అంతేనండీ అన్నాను. చెయ్యి ఇవ్వకుండా వెళ్ళిపోయారు.

ఏం చేశాను నేను? కోర్టుల పీక నేనే నొక్కేశాను. ఒక్క మూడు రోజులు ఆగి ఉండొచ్చుగా. నోట్లో ముద్ద పెట్టుకోబోతూ లేచి, వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. మళ్ళీ వెళ్ళొచ్చాను.

కానీ ఆ ముందు మూల బంతి. ఎంత మెత్తగా పడిందో.

అక్టోబరు 5

ఆదివారం. ఏం తోచలేదు. అందరి రాకెట్లూ విప్పి మళ్ళీ బిగించాను. బాగున్నవి కూడా.

అక్టోబరు 6

మీటింగు ఐదింటికి. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆరున్నరకి సెక్రటరీగారు బయటికొచ్చి, నవ్వాలో తిట్టాలో తెలియని మొహం పెట్టారు.

ఒక కోర్టు పోయింది. ఒకటి ఉంటుంది.

లోపల డాక్టరుగారు లేచి, ఈ మార్కరు నన్ను ఇరవై ఏళ్ళు మోసం చేశాడని చెప్పి కూర్చున్నారట. సెక్రటరీగారు ఇక అయిపోయిందనుకున్నారట. తీరా చేతులెత్తమంటే, ఒక కోర్టు ఉంచాలన్న వైపు డాక్టరుగారి చెయ్యి లేచింది. పక్కనున్నాయన అదేంటి డాక్టరుగారూ అంటే, "వాణ్ణి ఒక్కసారన్నా నిజంగా ఓడించకుండా చావమంటావా?" అన్నారట.

మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఒక కోర్టు పోయినందుకు ఏడవాలో ఒకటి ఉన్నందుకు నవ్వాలో తెలియలేదు. మా నాన్న ఎక్కువగా ఆడింది పోయినదాంట్లోనే.

నవంబరు 11

పక్క కోర్టు చెక్క నేల పీకుతున్నారు. మేకు ఊడిన ప్రతిసారీ పిల్లి అరిచినట్టు అరుస్తోంది. బంతి చప్పుడు వినపడక పిల్లలు తడబడుతున్నారు. పద్నాలుగు మంది.

డిసెంబరు 2

డాక్టరుగారు మంగళ, శుక్రవారాలు వస్తూనే ఉన్నారు. మాట్లాడరు. ఆడతారు, ఓడిపోతారు, వెళ్ళిపోతారు. ఎడం వైపు దెబ్బ కొంచెం మెరుగైంది. ఆ మాట చెబుదామని నోటిదాకా వచ్చింది, మానేశాను.

జనవరి 20

పంతొమ్మిది మంది. వీళ్ళని ఎవరూ వీడియోలు తియ్యరు, చూడముచ్చటగా ఆడరు. నాలుగు దెబ్బలకి ఒకళ్ళు గోడ పట్టుకుని రొప్పుతుంటారు. ఒకరిమీద ఒకరు నాకు చాడీలు చెబుతారు, అది రెండుసార్లు నేల తాకింది మాస్టారూ, వాడు అడ్డమొచ్చాడు మాస్టారూ అని. తీర్పులు చెప్పలేక నా నోరు పడిపోతోంది.

పిడుగు రోజూ నాతో ఒక గేము ఆడుతుంది. ఓడిపోతుంది. ఎందుకు ఓడిపోయానో చెప్పమంటుంది. చెబితే, మరి మీరు అక్కడ ఎందుకు నిలబడ్డారో చెప్పమంటుంది.

మార్చి 4

ఇవాళ పిడుగు పదకొండు తొమ్మిదితో గెలిచింది.

తొమ్మిది తొమ్మిది దాకా నాదే పైచేయి అనుకున్నాను. నేను వెనక మూలకి కొడితే అక్కడుంది. ముందు వదిలితే అక్కడుంది. నాకు మాత్రం ఎక్కడా తీరిక ఇవ్వలేదు, ఈ చివర్నుంచి ఆ చివరకి కుక్కని తిప్పినట్టు తిప్పింది. ఆఖరి బంతికి వంగి పరిగెత్తాను. రాకెట్టు అంచుకి తగిలింది, తగిలి పక్కకి పోయింది.

అది సంబరపడలేదు. రాకెట్టు చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చి, "ఇచ్చేశారా మాస్టారూ?" అంది.

"లేదే."

"ఒట్టు?"

ఒట్టు అన్నాను. నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? ఎంత నమ్మకంగా ఓడిపోవాలో నేర్చుకుని బతికినవాణ్ణి. ఇక మీదట దీనికి నిజంగా గెలిచిన రోజు కూడా నిజం కాదేమో అని చాలా బాధేసింది. ఆ బాధ కింద ఇంకోటుంది, అది ముందు అర్థం కాలేదు. చెవులు వేడెక్కాయి. ఆ ఆఖరి బంతి అందాల్సింది. అరడుగు. అరడుగు ముందు కదిలితే అందేది. రాకెట్టు తీసి గోడకేసి కొట్టాను. క్లబ్బులో ఇన్నేళ్ళలో నేను చెయ్యని పని. "ఇంకో గేము ఆడదాం రా" అన్నాను, గొంతు గట్టిగానే లేచింది. "ఆ సర్వీసు గీత మీద పడింది, చెల్లదు, నాకు తెలుసు, రా ఆడదాం!"

పిడుగు నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. చూసి, పడీ పడీ నవ్వింది. మాస్టారికి కోపమొచ్చిందిరోయ్ అని అరుస్తూ బయటికి పరిగెత్తింది, అందరికీ చెప్పడానికి.

నమ్మింది.

ఇరవై ఆరేళ్ళు రోజూ ఓడినవాణ్ణి. నిజంగా ఓడిపోతే ఇలా ఉంటుందని తెలీదు. అన్నం సయించలేదు. మా ఆవిడ ఏమైందంటే చెప్పాను. పదిహేనేళ్ళ పిల్ల చేతిలోనా అని నవ్వబోయి, నా మొహం చూసి మానేసింది.

రేపు పొద్దున్న ఆరింటికి రమ్మన్నాను దాన్ని. ఐదున్నరకే వెళ్ళి బంతి వేడిచేసి ఉంచుతాను.